పాట అయిపోయినా ఆపని కోటయ్య

నల్లరాళ్ల గుట్ట కింద ఒక మడుగు ఉంది. పొద్దువాలే వేళ ఆ మడుగు ఒడ్డున 'గుట్టకింది ఉరుములు' అనే రాక్ బ్యాండు వాయిస్తుంది. పాడేది నెమలి మనోహర్. గొంతు భయంకరం, కానీ పురి విప్పాడంటే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. డ్రమ్ములు వాయించేది ఎలుగుబంటి భద్రయ్య. ఆయన బాగా వాయిస్తాడని కాదు, బాగాలేదని ఆయన ముఖం మీద చెప్పగలిగినవాడు ఆ అడవిలో లేడు.

ఆ కచేరీకి ఒక కట్టుబాటు ఉంది. పాట సాగుతున్నంతసేపు ఎవరూ ఎవరినీ తినకూడదు. ఏ ఒక్క వాయిద్యం మోగుతున్నా పాట సాగుతున్నట్టే. మాట తప్పినవాడికి భద్రయ్య చేతి దెబ్బ, ఆపైన వేసవంతా మడుగు నీళ్లు బంద్. అందుకే కుందేలు పక్కన నక్క, నక్క పక్కన అడవికోడి కూర్చుని హాయిగా తలలూపేవాళ్లు.

మొన్నటి వానాకాలం దాకా ఆ బ్యాండులో బేస్ వాయించింది అడవిదున్న కోటయ్య. తొర్రపడిన మద్దిమొద్దుకు లావుపాటి తీగలు బిగించి, తలొంచుకుని కొమ్ముతో మీటేవాడు. డుమ్. కాసేపాగి మళ్లీ డుమ్. ఎగరడు, దూకడు, జనం వైపు కన్నెత్తి చూడడు. పైగా ఆయనకో జబ్బు ఉండేది. నెమలి పాట ముగించి, దండం పెట్టి వెళ్లిపోయినా ఈయన ఆపడు. ఆఖరి కుందేలు బొరియలో దూరేదాకా వాయిస్తూనే ఉంటాడు. "పాట అయిపోయిందని ఈయనకి ఎవరన్నా చెప్పండ్రా" అని నవ్వుకుంటూ జనం ఇళ్లకు చేరేవాళ్లు. అందరూ చేరేవాళ్లు.

ఆ నవ్వుని నక్క సూరయ్య అందిపుచ్చుకున్నాడు. కూర్చున్న చోటల్లా ఒకటే పాట. "కోటయ్య వాయిస్తే ఎంత, మానేస్తే ఎంత? అసలు వినపడితేగా!" నీళ్ల దగ్గర ఇదే మాట, మేత దగ్గర ఇదే మాట. చివరికది నెమలి చెవిన పడింది. నెమలి సొంతంగా ఆలోచించే రకం కాదు. కోటయ్యను తీసేసి కొండముచ్చు జాకీని పెట్టుకున్నాడు. జాకీ తోకతో కొమ్మకు వేలాడుతూ తన గిటారును పళ్లతో కూడా మీటేవాడు. జనం వెర్రెత్తిపోయారు. పాట అవగానే గిటారు భుజాన వేసుకుని రేగుపళ్లకు పరిగెత్తేవాడు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

అప్పట్నుంచీ కచేరీ చూసి వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరు తగ్గుతూ వచ్చారు. "మా పెద్దత్త కొడుకు కనపడ్డం లేదు" అని ఒకరంటే, "అవతలి గుట్టకి కాపురం మార్చుంటాళ్లే" అని ఇంకొకరు సర్దిచెప్పేవాళ్లు. సూరయ్య మాత్రం బాగా ఒళ్లు చేశాడు.

ఒళ్లు చేసినవాడికి పరుగు బరువు. కొన్నాళ్లకు సూరయ్య ఇంకో సంగతి కనిపెట్టాడు. పరిగెత్తే కుందేలుకన్నా వాదించే కుందేలును పట్టుకోవడం తేలిక. ఒకరోజు ఆఖరి పాట అవగానే లేచి నిలబడ్డాడు.

"అయ్యలారా, అమ్మలారా, ఎవరూ లేవకండి! పాత కోటయ్య గొప్పా, కొత్త జాకీ గొప్పా? ఈ ముక్క ఇవాళ తేలిపోవాలి. నేను ఎవరి పక్షమూ కాదు. పెద్దమనిషిగా మధ్యలో కూర్చుంటానంతే."

అభిమానులకు ఇంతకన్నా ఏం కావాలి? లేచినవాళ్లు కూడా కూర్చున్నారు. కుందేలు పాపారావు ఒక్క గెంతుతో వెనకాల పడున్న పాత మొద్దెక్కాడు. అది కోటయ్య బేసే. జనం ఎప్పుడో దాన్ని బల్ల చేసేసుకున్నారు.

"తేలడానికేముంది మామా? జాకీ తలకిందులుగా వేలాడతాడు. కోటయ్య ఎప్పుడన్నా వేలాడాడా?"

"ఆయన వేలాడితే చెట్టు మిగులుద్దా?" అంది అడవికోడి మాణిక్యమ్మ. ఆవిడ రెక్కల కింద పిల్లలు నిద్రకు తూగుతున్నాయి. "కోటయ్య డుమ్మంటే గుండెలో పడేది. నీకేం తెలుసు, చెవులు పొడుగుంటే సరిపోద్దా?"

"ఆ డుమ్ము తప్ప ఇంకోటి వచ్చా ఆయనకి? అదొక్కటేగా!"

"అదొక్కటీ నీకు వచ్చా?"

ముళ్లపంది శేషగిరి గొంతు సవరించుకున్నాడు. "మీ ఇద్దరికీ మాట్లాడే అర్హత లేదు. నేను మొదటి కచేరీ నుంచీ ఉన్నాను. తీగలు ఇంకా పచ్చిగా ఉండేవి. ఆ మోతే వేరు. తర్వాత్తర్వాత కోటయ్య కూడా చెడిపోయాడు."

"ఎలా చెడిపోయాడయ్యా?"

"మీలాంటోళ్లక్కూడా నచ్చడం మొదలుపెట్టాడు. ఇంకెలా చెడిపోవాలి?"

గోల మిన్నంటింది. సూరయ్య కళ్లు మూసుకుని ఆనందంగా విన్నాడు. పక్కన డ్రమ్ములు సర్దుకుంటున్న భద్రయ్యను మెల్లగా అడిగాడు. "అన్నా, పాట అయిపోయినట్టేగా?"

"నెమలీ పోయాడు, కోతీ పోయాడు. అయిపోయినట్టే," అన్నాడు భద్రయ్య.

సూరయ్య పొదల వైపు చూసి తోక ఊపాడు. పొదల్లో అతని బావమరుదులు సర్దుకుని కూర్చున్నారు.

అప్పుడే కోటయ్య నీళ్లు తాగడానికి వచ్చాడు. పొదల్లో మెరుస్తున్న కళ్లు చూశాడు. ఒకప్పుడు పాట ముగిశాక ఆ కళ్లు ఎటు తిరుగుతాయో ఓరకంట చూడబట్టే ఆయన వాయించడం ఆపేవాడు కాదు. నేరుగా గుంపు దగ్గరకొచ్చాడు.

"పొద్దుపోతోంది. పిల్లలున్నారు. ఇళ్లకు పోండి."

"బాబాయ్, నీ గురించే మాట్లాడుకుంటున్నాం. నువ్వు మధ్యలో రాకు," అన్నాడు పాపారావు.

"అది కాదురా, పొదల్లో..."

"నువ్వూరుకో కోటయ్యా," అంది మాణిక్యమ్మ. "నీ గొప్ప నీకేం తెలుసు? నేను చెప్తున్నాగా!"

"తన తొలిరోజుల గురించి ఆయనకి అవగాహన తక్కువ," అన్నాడు శేషగిరి.

కోటయ్యకు ఒళ్లు మండింది. మనసు కూడా నొచ్చుకుంది. ఈ మూక కోసమా ఇన్నేళ్లు మెడ నొప్పెట్టేలా కొమ్ము ఆడించానని అనుకున్నాడు. చావండి అని వెనక్కి తిరిగాడు కూడా. కానీ మాణిక్యమ్మ రెక్క కింద నుంచి ఒక పిల్ల తల బయటపెట్టి ఆవలించింది. కోటయ్య నిట్టూర్చి, చుట్టూ తిరిగి మొద్దు వెనక్కి వెళ్లాడు. తీగలన్నీ తెగిపోగా ఒక్కటి మిగిలుంది. తలొంచి కొమ్ముతో మీటాడు.

డుమ్.

"ఎవర్రా కింద కితకితలు పెడుతోంది?" అని పాపారావు మొద్దు మీద ఇటు జరిగాడు. జరిగి, వాదన అందుకున్నాడు. "అసలు జాకీ పళ్లతో మీటినప్పుడు..."

డుమ్.

సూరయ్య ఇక ఆగలేకపోయాడు. తోక నిటారుగా లేపి ఒక్క దూకు దూకాడు. మాణిక్యమ్మ కెవ్వుమంది. తోక ఈకలు నాలుగు నక్క నోట్లోకొచ్చాయి. ఐదో ఈక రాకముందే భద్రయ్య చెయ్యి అతని మెడ మీద పడింది.

"పాట సాగుతుంటే నోరు తెరుస్తావా?"

"పాటేంటన్నా? అయిపోయిందని నువ్వేగా అన్నావు! ఎవరు వాయిస్తున్నారు?"

అంతా నోళ్లు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో, మొద్దు వెనక నుంచి, నిదానంగా వినపడింది. డుమ్. కాసేపాగి మళ్లీ డుమ్.

"ఆయన మాజీ!" అని అరిచాడు సూరయ్య. "బ్యాండులో లేనివాడు వాయిస్తే పాటెలా అవుద్ది?"

"కట్టుబాటులో వాయిద్యం అనే ఉంది, ఉద్యోగం అని లేదు," అన్నాడు భద్రయ్య. "నా కాళ్ల కింద నేల ఇందాకటి నుంచీ అదురుతోంది. నీకు తెలీలా?"

"నాకు వినపళ్లేదన్నా, ఒట్టు!"

అది నిజమే. సూరయ్య పుట్టి బుద్ధెరిగాక ఆడిన మొదటి నిజం అది. కానీ ఆ నిజం భద్రయ్య దెబ్బను ఆపలేదు. పొదల్లోని బావమరుదులు, తమకు ఆ నక్కతో ఏ చుట్టరికమూ లేనట్టు మెల్లగా జారుకున్నారు.

కోటయ్య తల ఎత్తకుండానే "ఇక పోండి" అన్నాడు. ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు. డుమ్ డుమ్ వెంట నడుస్తూ ఇళ్ల దారి పట్టారు. దారిలో పాపారావు ఉన్నట్టుండి ఆగిపోయాడు. "అయితే మా పెద్దత్త కొడుకు కాపురం మార్చలేదన్నమాట," అన్నాడు. మాణిక్యమ్మ పిల్లల్ని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

బొరియలో దూరబోతూ శేషగిరి ఒక్కడు వెనక్కి తిరిగాడు. "బాగానే వాయించాడు. కానీ తొలిరోజుల్లో ఉన్నంత లేదు."

అతను లోపలికి పోయేదాకా కూడా కోటయ్య ఆపలేదు.

ఆ వేసవిలో సూరయ్య గుట్ట అవతల రాళ్లను నాకుతూ గడిపాడు. మడుగు నుంచి సాయంత్రం గాలి వీచినప్పుడల్లా నాలుక పిడచగట్టుకుపోతుంటే, కోటయ్య వాయించే డుమ్ ఒక్కటి కూడా పోకుండా వినపడేది.

పదిమందిని నమ్మించాలని చెప్పే అబద్ధాన్ని అందరికన్నా ముందు నమ్మేది మన చెవులే.