సిర తీసిన చెయ్యి

డాక్టర్ కౌండిన్య కుట్టిన సిరల్లో కొన్ని నెల తిరక్కుండానే మూసుకుపోయేవి. ఎందుకలా అవుతోందో తేల్చాలని అతను రెండేళ్లు కష్టపడ్డాడు.

అతను పనిచేసేది ఒక ప్రభుత్వాసుపత్రిలో, రక్తనాళాల శస్త్రచికిత్స విభాగంలో. కాలికి రక్తం తీసుకెళ్లే ధమని పూడిపోతే పాదం నల్లబడుతుంది. అప్పుడు రోగి కాలిలోంచే ఒక పొడవాటి సిర తీసి, పూడిన చోటు దాటించి కుడతారు. రక్తం ఆ కొత్త దారిన పాదానికి చేరుతుంది. ఆ సిరలో గడ్డకట్టిందంటే కథ మళ్లీ మొదటికే. ఒక్కోసారి కాలే తీసెయ్యాలి.

అరవై రెండు మందిలో పదకొండు మందికి అలా గడ్డకట్టింది. కౌండిన్య వాళ్ల రక్తాన్ని ఎన్నో రకాలుగా పరీక్షించాడు. లోపం కుట్టులో లేదు, వాళ్ల రక్తానికే తొందరగా గడ్డకట్టే గుణం ఉందని వ్యాసం రాశాడు. నిజానికి అతని కుట్టు చూడటానికి వేరే విభాగాల వాళ్లు కూడా వచ్చేవారు.

దాన్ని పత్రికకు పంపాలంటే కావలసిన సంతకం కోసం ఆ వ్యాసం పట్టుకుని డాక్టర్ మస్తానమ్మ గదికి వెళ్లాడు. విభాగానికి ఆవిడే పెద్ద. అతనికి కత్తి పట్టడం నేర్పింది కూడా ఆవిడే. ఒక్క పేజీ వదలకుండా చదివింది.

"బాగా కష్టపడ్డావు. ఈ సిరల్ని తీసిందెవరు?"

"జూనియర్లు, మేడమ్. ఆ రోజు ఎవరుంటే వాళ్లు. నేను నేర్పినవాళ్లే."

"ఎలా తీశారు?"

ఆ ప్రశ్న ఎందుకో అతనికి అర్థం కాలేదు. "మామూలుగానే, మేడమ్."

ఆవిడ సంతకం పెట్టలేదు. పెట్టననీ అనలేదు. "గురువారం ఏడుకొండలు ఆపరేషన్ కదా. నేనూ వస్తాను" అంది.

ఏడుకొండలు బాపట్ల దగ్గర తాటిచెట్లు గీసే మనిషి. అప్పటికే రెండు కాలివేళ్లు నల్లబడ్డాయి. థియేటర్లోకి తీసుకెళ్తుంటే మస్తానమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "చెట్టెక్కలేకపోయినా ఫరవాలేదమ్మా. నా కాళ్ల మీద నేను ఇంటికెళ్తే చాలు."

లోపల ఆవిడ పెద్ద డాక్టరు నిలబడే చోటికి వెళ్లలేదు. రోగి కాలి దగ్గర, జూనియర్లు నిలబడే చోట నిలబడింది.

"కుట్టేది నువ్వే. సిర నేను తీస్తాను."

జూనియర్లు అరగంటలో తీసే సిరను తీయడానికి ఆవిడకు గంటన్నర పట్టింది. కౌండిన్య చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ పట్టకారు సిరకు ఒక్కసారి కూడా తగల్లేదు. చుట్టూ ఉన్న సన్నటి కొవ్వును ఒలవకుండా ఉంచి, ఆ కొవ్వును పట్టుకునే సిరను కదిలించింది. పక్కకు చీలే చిన్నచిన్న పాయల్ని ఒక్కొక్కటే దారంతో కట్టింది.

సిర బయటికి రాగానే అతను అలవాటుగా సిరంజి అందుకున్నాడు. సెలైన్ గట్టిగా ఎక్కించి, సిరను ఉబ్బించి, ఎక్కడైనా కారుతోందేమో చూడటం అతని పద్ధతి. ఆవిడ అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. పై చివర కుట్టించి, ఏడుకొండలు రక్తాన్నే అందులోకి వదిలి చూసింది. సిర మెల్లగా నిండింది. ఎక్కడా కారలేదు.

చివర్లో బెత్తెడు సిర మిగిలింది. ఆవిడ దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి అలాగే సీసాలో వేసింది. రెండోది అతనికిచ్చింది.

"దీన్ని నీ పద్ధతిలో చెయ్యి."

అతను పట్టకారుతో పట్టుకున్నాడు. కొవ్వు ఒలిచాడు. సిరంజితో బిగుతుగా ఉబ్బించాడు. ఆవిడ ఆ ముక్కను ఇంకో సీసాలో వేసి, రెండింటినీ పరీక్షకు పంపింది.

వారం తర్వాత ఇద్దరూ మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. మొదటి ముక్కలో సిర లోపలి పొర ఎక్కడా తెగలేదు. ఒక్క కణం మందం ఉండే పొర అది. రెండో ముక్కలో చాలాచోట్ల ఊడిపోయి ఉంది. ఊడినచోట రక్తం గడ్డకడుతుందని కౌండిన్య ఏటా విద్యార్థులకు పాఠం చెబుతాడు.

అతను కన్ను పైకెత్తలేదు. పదకొండు మందిలో నలుగురికి కాలు తీసేశారు. వాళ్లలో సుభాన్‌బీ అనే ఆమె, మంచం పక్కన కూర్చున్న కూతురితో "నా రక్తమే మంచిది కాదంట" అంటుంటే అతను విన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పింది తనే.

"తప్పు నాది, మేడమ్."

"ఒక్క స్లైడు చూసి ఏదీ తేల్చకు" అంది మస్తానమ్మ. "పన్నెండేళ్లు నేనూ అలాగే ఉబ్బించాను. ఎందరికి మూసుకుపోయిందో రాసిపెట్టాలని కూడా నాకు తోచలేదు. నువ్వు రాశావు. అందుకే ఇవాళ చూడగలిగాం."

ఏడుకొండలు పదో రోజున ఊతకర్ర పట్టుకుని బస్సెక్కాడు. కౌండిన్య ఆ వ్యాసం ఎక్కడికీ పంపలేదు. సుభాన్‌బీ ఊరు వెళ్లి, ఆమె రక్తంలో దోషముందని తను తొందరపడి అన్నానని ఆమెతోనే చెప్పి వచ్చాడు.

తర్వాతి ఆపరేషన్ రోజున అతను కుట్టే చోటికి వెళ్లలేదు. చెప్పకుండానే రోగి కాలి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చర్మం కోశాక సిర నీలంగా కనబడింది. పట్టకారు ట్రేలో పెట్టేశాడు.

"కాస్త ఆలస్యమవుతుంది, మేడమ్."

"కానియ్యి నాయనా" అంది ఆవిడ. "మేం ఆగుతాం."