ముగ్గుగీత మెచ్చిన కథ

ఒకానొక రాజ్యంలో కథలు వినడం మానేసి కొలవడం మొదలుపెట్టారంటే నమ్ముతారా? నిజమండీ! అక్కడి రాజు మకరధ్వజుడికి కొత్త వింత కనిపిస్తే చాలు, కాలు నిలవదు.

ఆయన కొలువులో త్రిలోచన భట్టు అని ఒక లెక్కల పండితుడు. ఎవరైనా కథ రాసిన తాటాకుల కట్ట తెస్తే ఆయన కథలోకి దిగడు. ఒక్కో ఆకులో సంతోషపు మాటలెన్ని, దుఃఖపు మాటలెన్ని అని ఏరి లెక్కిస్తాడు. సంతోషం ఎక్కువైతే సభలో నేలమీద ముగ్గుగీత పైకి, దుఃఖం ఎక్కువైతే కిందికి. గీత లేచి, పడి, మళ్లీ లేస్తేనే మంచి కథట.

"ఆహా, ఇక కథ వినక్కర్లేదు, గీత చూస్తే చాలు!" అని రాజుగారు పొంగిపోయారు. గీత తప్పిన కథకులు కొలువు వదిలిపోవాలని ఆజ్ఞ కూడా ఇచ్చేశారు.

ముప్పై ఏళ్లుగా కొలువులో కథలు చెబుతున్న పోలమ్మ వంతు వచ్చింది. ఆమె తెచ్చింది సోమన్న అనే పడవవాడి కథ. అతని పుట్టుక, పెళ్లి, చివర చావు. గీత లేచి లేచి, చివరికి కిందపడి ఊరుకుంది.

"పనికిరాదు," అన్నాడు భట్టు.

ఈ వయసులో పోలమ్మ ఎక్కడికి పోతుంది? అయినా భయం బయటపడకుండా, "ఏలినవారు ఒక్కరోజు గడువివ్వాలి. రేపు తెచ్చే కట్ట కూడా తప్పితే నేనే మూటాముల్లె సర్దుకుంటాను," అంది.

మర్నాడు ఆమె తెచ్చిన కట్టను భట్టు లెక్క కట్టాడు. గీత లేచింది, పడింది, మళ్లీ లేచింది! సభ సభంతా లేచి నిలబడింది. భట్టు సంబరం పట్టలేకపోయాడు.

"ప్రభూ, ఇంత గొప్ప కథ మన రాజ్యంలో పుట్టలేదు," అన్నాడు.

"అయితే చదవండి భట్టుగారూ, విందాం."

భట్టు గొంతు సవరించుకున్నాడు. మొదటి ఆకుల్లో సోమన్న పెళ్లి, బాజాలు, భోజనాలు. నడిమి ఆకుల్లో సోమన్న పోయాడు, పదకొండో రోజు కూడా అయిపోయింది. చివరి ఆకు తీస్తే సోమన్నకు బారసాల, ఉయ్యాల్లో వేసి పేరు పెడుతున్నారు. భట్టు ఆకు తిప్పి మళ్లీ చూశాడు.

"ఏమిటిది పోలమ్మా?" అన్నారు రాజుగారు.

"నిన్నటి కథే ప్రభూ. తాడు విప్పి ఆకులు అటూ ఇటూ మార్చానంతే. వరసగా చెబితే పొమ్మన్న గీత, పోయినవాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెడితే మెచ్చుకుంది."

రాజుగారు పడీ పడీ నవ్వారు. "ఆ గీతను నేనూ మెచ్చాను కదే," అంటూ చేతి కంకణం తీసి పోలమ్మకిచ్చి, ఆజ్ఞ అక్కడికక్కడే రద్దుచేశారు. "ఇప్పుడు వరసలో చెప్పు, అందరం వింటాం," అన్నారు.

పోలమ్మ కూర్చుని చెప్పింది. సోమన్న పోయే చోటికి వచ్చేసరికి, సభలో అందరికన్నా ముందు కళ్లు తుడుచుకున్నది భట్టుగారే.