పంక్తిలో కూర్చున్న వంటవాడు

వంటల సోమేశం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏ సందేహం తెచ్చినా ముందు "అన్నం తిన్నావా?" అని అడిగేవారు. తినలేదంటే, జవాబు భోజనం అయ్యేదాకా ఆగాల్సిందే.

ఆయన దగ్గర పని నేర్చిన విస్సన్న మొదట్లో ఒక్కడే వంటలకు వెళ్లేవాడు. చేతి రుచికి పేరొచ్చి, పిలుపులు పెరిగి, వండేవాళ్లూ వడ్డించేవాళ్లూ కలిపి పదిమందిని పెట్టుకున్నాడు. ఎంతమంది ఉన్నా ప్రతి గుండిగలోనూ చివరికి తిరిగే గరిటె మాత్రం అతనిదే. ఆ మాఘంలో, పెరగాలన్న ఉత్సాహం కొద్దీ, ఒకే ముహూర్తానికి అమలాపురంలో ఒక పెళ్లికీ రాజోలులో ఒక పెళ్లికీ ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నప్పటి నుంచీ కంటికి కునుకు లేదు. ఇంతలో ఒక గృహప్రవేశంలో వంట అతనికే వచ్చింది. భోజనానికి గురువుగారు వచ్చారు. ఆయన్ని పొయ్యి దగ్గరే ఆపి అడిగాడు.

"నేను లేనిచోట వంట చెడితే ఇన్నాళ్ల పేరూ గంగలో కలుస్తుందండి. రాజోలు వాళ్లకి రాలేనని చెప్పెయ్యమంటారా?"

"అన్నం తిన్నావా?" అన్నారు సోమేశం గారు.

వంటవాడు పంక్తిలో కూర్చోవడమేమిటని, పులుసు ఇంకా దిద్దలేదని విస్సన్న నసిగాడు. ఆయన వింటేగా. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తన పక్క విస్తరి ముందు కూర్చోబెట్టారు. పంక్తిలో కూర్చున్నాక పెద్దవారు లేచేదాకా ఎవరూ లేవకూడదని ఆ ఊరి మర్యాద. ఆ పంక్తికి పెద్ద ఆయనే.

గుమ్మడికాయ పులుసు వచ్చింది. మొదటి ముద్దకే విస్సన్నకి తెలిసిపోయింది. చింతపండు ఎక్కువైంది. ఎదుటి వరసలో వాళ్లు అప్పుడే పులుసన్నం పక్కకు నెడుతున్నారు. లేవబోతే గురువుగారు అతని మోకాలి మీద చెయ్యి వేసి, తీరిగ్గా ఇంకో గారె వడ్డించమన్నారు. గారె నమలడానికి ఆయనకు మిగిలినవి నాలుగు పళ్లు. విస్సన్నకి ఏడుపొక్కటే తక్కువ.

అతని దగ్గర పొయ్యి చూసే నూకరత్నం గుమ్మంలోంచి విస్తళ్లకేసి ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి పులుసు బకెట్టు పట్టుకుని తనే వరసలోకి వచ్చింది. బెల్లం వేసి, వేయించిన నువ్వుల పొడి కలిపి, ఇంగువ పోపు మళ్లీ పెట్టి తెచ్చింది. విస్సన్న అయితే బెల్లంతో సరిపెట్టేవాడు. అందుకే ఆ పులుసు అతని చేతి పులుసులా లేదు. కానీ చాలా బావుంది. ఎదుటి వరసలో ఒక పెద్దాయన ఇంకో గరిటె వెయ్యమన్నాడు. విస్సన్న కూడా సిగ్గుపడుతూ తనకీ వెయ్యమన్నాడు.

"నువ్వుల పొడి వెయ్యమని నీకెవరు చెప్పారు రత్నం?"

"ఎవరు చెప్తారండీ? రోజూ మీరొచ్చి దిద్దుతారు కదా అని నేను రుచే చూసేదాన్ని కాదండి. ఇయ్యాల మీరు విస్తరి ముందు కూకున్నారాయె."

విస్సన్నకి నవ్వొచ్చింది. మొదలైన నవ్వు ఆగలేదు, పక్కవాళ్లకీ అంటుకుంది. తన మనుషులు వండిన అన్నం వేడివేడిగా, కూర్చుని, కడుపు నిండా తినడం అతనికి అదే మొదటిసారి. పెరుగన్నం దాకా వదల్లేదు.

చేతులు కడుక్కునే చోట మళ్లీ గుర్తొచ్చింది. "మరి ఆ రెండు పెళ్లిళ్ల మాటండీ?"

సోమేశం గారు కండువాతో మూతి తుడుచుకున్నారు.

"ఏ పెళ్లిలో కూర్చుని తింటావో తేల్చుకో. రెండోచోట నేను తింటాను."