నూకాలుకు పడని చేప

సముద్రం ఒడ్డున, ఐసు ఫ్యాక్టరీ వెనక ఇసుకదిబ్బ మీద కాపురమున్న జంతువులన్నీ కలిసి చేపలు పట్టి వాటాలు వేసుకునేవి. పంచే పెద్ద గూడబాతు తాత. చేపల బుట్టకు ఐసు వేసి కాసే పని నక్కది. కాపలా అంటే నక్కకు మహా ఇష్టం. కునుకు తీసినా పని జరుగుతున్నట్టే ఉంటుంది మరి.

ఒకనాడు వలకు కానాగడత చేపలు బాగా దొరికాయి. మధ్యాహ్నం తన వాటా వండుకు తిన్న కాసేపటికే నూకాలు అనే పిల్లికి చెవులు ఎర్రబడ్డాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, తల నొప్పితో పగిలిపోయింది. గోకి గోకి బొచ్చు ఊడింది. సాయంత్రానికి ఎలాగో తగ్గింది. పరామర్శకు వచ్చిన నక్క రోగం పేరు కూడా తనే చెప్పింది.

“నీకు చేప పడదు నూకాలూ. కొందరి ఒంటి తత్వం అంతే. ఇక జన్మలో ముట్టకు.”

“పిల్లికి చేప పడకపోవడమేటి బావా?”

“తల్లికి పడనిది పిల్లలకూ పడదు. వాళ్లకూ పెట్టకు. పడనివాళ్ల వాటా బుట్ట కాసేవాడికి చెందాలని రేపు తాతతో కట్టుబాటు చేయిస్తాను. వృథా పోకూడదు కదా.”

నూకాలుకు ముగ్గురు పిల్లలు. ఆ వాటా పోతే ఆ ఇంట్లో పూట గడవదు. ఇంకొకరైతే తలరాత అనుకుని ఏడుస్తూ కూర్చునేవారు. నూకాలు మర్నాడు పొద్దున్నే ఆ నీరసంలోనే లేచి నాలుగిళ్లు తిరిగింది. ఆ పిల్లిని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది.

“నిన్న నీ ఒంట్లో ఎలా ఉంది?” అని కాకిని అడిగింది.

“దిష్టి తగిలిందే. మొహమంతా మంటలెత్తింది.”

“నాకు గోమార్లు పట్టినట్టున్నాయి,” అంది పక్కనున్న కుక్క. “ఒకటే దురద.”

“తిన్నప్పుడు నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమందా?”

“అవునే. కారం ఎక్కువైందనుకున్నాను,” అన్నాయి రెండూ.

“ఒకే పూట, ఒకే బుట్టలోవి తిన్న ముగ్గురికీ ఒకేసారి పడకుండా పోయిందా? బుట్ట ఎక్కడుందో చూశావా కాకీ?”

కాకి తల గోక్కుంది. “నిన్న పొద్దున్నంతా ఎండలోనే ఉంది. బావ పడవ నీడన గురక పెడుతున్నాడు. లేచాక గబగబా ఐసు కుమ్మరించాడు.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడన్నమాట,” అని నూకాలు నేరుగా పంచాయతీకి నడిచింది.

అక్కడ నక్క అప్పటికే కట్టుబాటు చేయించేసింది. నూకాలు మాట విని తొణకలేదు.

“పాడైన చేప వాసన రాదా? పిల్లి ముక్కు కూడా పసిగట్టలేదేం?”

“నా ముక్కు మోసపోయింది బావా, ఒప్పుకుంటున్నాను. ఎండకు ఇందులో పుట్టే విషం వాసన రాదు. తర్వాత ఐసు వేస్తే పోదు. ఇది పడని చేప కాదు, పాడైన చేప. ‘పా’లో దీర్ఘం నువ్వు మింగేశావు.”

గూడబాతు తాత నవ్వుకు గొంతు కింది సంచీ ఊగింది. నక్కకు రోషమొచ్చింది.

“పాడైతే మాత్రం ఏం? పులుసు బాగా తెర్లితే ఏ విషమైనా చావాల్సిందే,” అంటూ మిగిలిన కానాగడతల్ని చింతపండు పులుసులో కుతకుత ఉడికించి, అందరి ముందూ లొట్టలేస్తూ తినేసింది.

మూతి తుడుచుకుని గొప్పలు మొదలుపెట్టిందో లేదో, చెవులు ఎర్రబడ్డాయి. వీపు పడవకేసి రుద్దుకుంది. చాలక ఇసుకలో దొర్లింది.

నూకాలు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. “అయ్యో బావా, నీకూ పడదు కాబోలు. ఒంటి తత్వం.”

“తేల్చి చెప్పరా,” అన్నాడు తాత. “పడకపోతే నీ కట్టుబాటు ప్రకారం నువ్వు జన్మలో చేప ముట్టకూడదు. పాడైతే బుట్ట కాపలా పోతుంది.”

నక్క గోక్కుంటూ ఆలోచించింది, ఆలోచిస్తూ గోక్కుంది.

“పాడైంది తాతా,” అంది చివరికి, దీర్ఘం బాగా సాగదీసి.

బుట్ట నూకాలు చేతికి వచ్చింది. ఆనాటి నుంచి వల ఒడ్డుకు చేరకముందే ఐసు వచ్చి కూర్చునేది.

నీతి: తిండి చెడితే, తిన్నవాడి ఒంటికి వంక పెట్టకు.