వాగు మీద గీసిన దారి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ముంగిస పైడమ్మ మద్దిచెట్టు కింద చాపలు పరుస్తోంది. ఆ రోజు తోటి జంతువులకు ఫోనులో పటం గీయడం నేర్పాలి. జీతం లేని పని. అయినా ఇష్టంగా పెట్టుకుంది. పక్క అడవి కాలిపోయింది. అక్కడి దుప్పులు పిల్లల్ని తీసుకుని ఇటే వస్తున్నాయి. వాటికి ఈ అడవి కొత్త. పటం చూసుకునే నడవాలి.

కొండముచ్చు గవిరేసు వచ్చాడు. ముళ్లపంది నూకాలు వచ్చింది. ఇంకా చాలామంది వచ్చారు.

"ఇది ఆకాశం నుంచి తీసిన ఫొటో," అంది పైడమ్మ. "ఇందులో దారి కనబడితే దాని వెంట వేలితో గీత గీయండి. ఒకరు గీసింది ఇంకొకరు సరిచూడాలి. సరిచూశామని గుర్తు పెడితేనే ఆ గీత అందరి ఫోన్లలోకీ వెళ్తుంది."

గవిరేసు చెయ్యి చురుకు. చెట్ల మధ్య మెలికలు తిరిగిన తెల్లటి చార కనబడగానే గీత లాగేశాడు.

"చూడు వదినా, ఎంత పొడుగు దారి పట్టానో," అన్నాడు పైడమ్మతో.

నూకాలు మెడ చాచి చూసింది. "అది దారి కాదేమో బావా. ఇసకలా ఉంది."

"ముందు నీ ముళ్లు అవతలికి జరుపు. ఇసకంట, ఇసక."

అందరూ నవ్వారు. పైడమ్మా నవ్వింది.

కాసేపాగి నూకాలు మళ్లీ అడిగింది. "పైడక్కా, ఈ ఫొటో ఎండాకాలంలో తీసిందా?"

"అయ్యుంటుంది. నీ గీత నువ్వు పూర్తి చెయ్యి."

భోజనాల వేళ మూడోసారి అడిగింది. "ఓసారి పోయి చూసొద్దామా అక్కా? ఆ గుట్ట అవతలే కదా."

పైడమ్మ గుట్ట వైపు చూసింది. ఎండ మండిపోతోంది. మొదటి రోజే గీసింది చెరిపిస్తే గవిరేసు మళ్లీ రాడు. అతను రాకపోతే అతని గుంపూ రాదు.

"తర్వాత చూద్దాంలే," అంది. సరిచూశామన్న గుర్తు తనే పెట్టేసింది. గవిరేసుకి అందరి చేతా చప్పట్లు కొట్టించింది.

ఆ వారమే పై కొండల్లో పెద్ద వాన కురిసింది. గుట్ట అవతల అరుపు వినబడి పైడమ్మ పరుగెత్తింది. తెల్లటి ఇసక ఉండాల్సిన చోట ఎర్రనీళ్లు పోతున్నాయి. ఒడ్డున ఒక దుప్పి తడిసి నిలబడి ఉంది.

"దారి వెంటే వచ్చామమ్మా," అంది దుప్పి. "మెత్తగా ఉంది, పిల్లకి నడక సుఖం అనుకున్నాను. నీళ్లు వెనక నుంచి వచ్చాయి. నేను గట్టెక్కాను. పిల్ల ఎక్కలేకపోయింది." ఫోను చూపించింది. "ఇది దారే కదా?"

"కాదు," అంది పైడమ్మ. "వాగు."

"మరి సరిచూశామని పెట్టారే."

పైడమ్మ తన ఫోను తీసింది. అక్కడే కూర్చుని ఆ గీత చెరిపేసింది.

నాలుగు రోజుల తర్వాత ఒక సంగతి తెలిసింది. దుప్పుల రెండో గుంపు, నడుమ సిగ్నల్ దొరకదని, పటాన్ని ముందే ఫోనులో దాచుకుని బయలుదేరింది. దాచుకునే నాటికి ఆ గీత ఇంకా చెరపలేదు; వాటి ఫోన్లలో అది దారిగానే ఉండిపోయింది.

నీతి: చూడనిదాన్ని చూశానని చెప్పకూడదు. తర్వాత దిద్దుకున్నా, ఆ దిద్దుబాటు నమ్మినవాళ్లందరికీ అందదు.