కొత్వాలు కొట్లో, శెట్టి చావడిలో

కుందనగిరి రాజు విజయమల్లుడికి కోపం వస్తే తాంబూలం ముట్టడు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్క ఆకు కూడా ముట్టలేదు. తాంబూలపు పెట్టె, అడపం, పట్టుకుని సింహాసనం పక్కన నిలబడ్డ తిప్పయ్యకు సంగతి అర్థమైంది. ఇవాళ ఎవరికో మూడింది.

సభ మధ్యలో సిద్ధమ్మ నిలబడి ఉంది. విస్తళ్లు కుట్టుకుని బతికే ముసలమ్మ. ఒక్కగానొక్క కొడుకు సరిహద్దు కోటలో సైనికుడు. పది రోజుల కిందట రాజముద్ర బిళ్ల కట్టుకున్న మనిషొకడు ఆమె ఇంటికి వచ్చాడు.

"నీ కొడుక్కి ఈటెపోటు తగిలింది. వైద్యుడు స్వర్ణభస్మం కావాలంటున్నాడు. బంగారం ఉంటే ఇయ్యి. ఈ మాట బయటికి పొక్కిందా, నీ కొడుకు తల ఎగిరిపోతుంది" అన్నాడట.

ఆమె చేతి కడియాలు రెండూ ఊడదీసి ఇచ్చేసింది. నిన్న కొడుకు దగ్గర్నుంచి కబురొచ్చింది. "నేను కులాసా. కాస్త చింతకాయ పచ్చడి పంపించు."

ఇలా మోసపోయిన తల్లులు ఊళ్లో పదకొండు మంది.

"మీరంతా ఉండి ఏం చేస్తున్నట్టు?" అని రాజు గర్జించాడు.

కొత్వాలు భైరవనాయకుడు మీసం దువ్వాడు. "దొంగబంగారం కొనేది అంగళ్లవాళ్లే కదా ప్రభూ! వాళ్లు నోరు విప్పితే నేను క్షణంలో పట్టేస్తాను."

వర్తకుల పెద్ద గురవప్పశెట్టి భగ్గుమన్నాడు. "నోరు విప్పిన పాపానికే మావాణ్ణి ఒకణ్ణి నెల్లాళ్లు బంధించారు ప్రభూ! ఏ నగలు పోయాయో మాకు ఒక్క ముక్క చెప్పరు. మేమేమైనా సోది చెప్పేవాళ్లమా?"

"మా చావడి రహస్యాలు నీకెందుకయ్యా?"

"మా బేరాలు నీకెందుకయ్యా?"

తిప్పయ్యకు నవ్వాగలేదు. రాజు చూడనే చూశాడు.

"నవ్వుతున్నావే! అయితే నువ్వే పట్టు దొంగని. మూడు రోజులు గడువు."

"ఒక్క రోజు చాలు ప్రభూ. కాకపోతే కొత్వాలుగారిని కొట్లో పెట్టించాలి."

సభ గుండె ఆగినంత పనైంది. భైరవనాయకుడి చెయ్యి కత్తి మీదకు పోయింది.

తిప్పయ్య తాపీగా అన్నాడు.

"శెట్టిగారి నగల కొట్లో ప్రభూ. శెట్టిగారు కొత్వాలు చావడిలో కూర్చుంటారు."

రాజు మొహంలో మొదటిసారి చిరునవ్వు కనబడింది. "అలాగే కానీ!"

మర్నాడు కొత్వాలు శెట్టి తలపాగా పెట్టుకుని, తక్కెడ కత్తిలా పట్టుకుని పరుపు మీద కూర్చున్నాడు. ముక్కుపుడక కోసం వచ్చిన ఇల్లాలిని, "ఏ వీధి? ఎందుకు కావాలి? సాక్షులున్నారా?" అని గద్దించాడు. ఆమె చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తింది. గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు.

తిప్పయ్య అది చూసి, నవ్వుకుంటూ చావడికి వెళ్లాడు.

అక్కడ శెట్టికి గద్దించడం చేతకాదు. ఎవరొచ్చినా బేరానికి వచ్చినట్టే మర్యాద చేస్తున్నాడు. "కూర్చోమ్మా. ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగు." భటుల కేకలకు జడిసి ఇన్నాళ్లూ నోరెత్తని తల్లులు ఒక్కొక్కరే గోడు వెళ్లబోసుకుంటున్నారు. శెట్టి తల దించుకుని వింటున్నాడు. తిప్పయ్య సిద్ధమ్మను కూడా పిలిపించాడు.

"కడియాలకు ఏదైనా గుర్తుందా అమ్మా?" అని అడిగాడు శెట్టి.

"ఉంది నాయనా. నా కొడుక్కి పళ్లొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని కడియాలు కొరికేవాడు. రెండింటి మీదా గాట్లు పడ్డాయి. అరిగిపోకుండా ఉంటే బాగుండునని రోజూ తడుముకునేదాన్ని."

శెట్టి మొహం పాలిపోయింది.

"అయ్యో! అలాంటి గాట్లున్న కడియం ఒకటి నిన్న మా కొట్లోనే కొన్నాం! రెండోది రేపు తెస్తానన్నాడు అమ్మినవాడు."

"రేపంటే ఇవాళే శెట్టిగారూ!" అన్నాడు తిప్పయ్య.

శెట్టి ఒక్క ఉదుటున లేచాడు. పాతికేళ్లుగా పరుగన్నది ఎరగని మనిషి పంచె పైకి ఎగ్గట్టి బజారు పట్టాడు. వెనకే తిప్పయ్య.

కొట్లో అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. పట్టు ఉత్తరీయం, నుదుట కుంకుమబొట్టు, తేనెలాంటి మాట. కొత్వాలు వాణ్ణి గుర్తుపట్టలేదు. వాడూ కొత్వాలును గుర్తుపట్టలేదు. ఆ ఊరి దొంగలెవరికీ ఆయన్ని దగ్గర్నుంచి చూసే యోగం పట్టలేదు మరి.

శెట్టి కనబడగానే నాయకుడు గర్వంగా చెయ్యెత్తాడు. "శెట్టీ, రా రా! బేరం ఎలా తెగ్గొట్టానో చూడు! సగం ధరకే ఇస్తానంటున్నాడు!"

ఆయన చేతిలో కడియం ఉంది. దాని మీద చిన్న చిన్న పంటిగాట్లు.

శెట్టి ఎగశ్వాసతో అరిచాడు. "నాయకా, పట్టుకో వాణ్ణి! అది సిద్ధమ్మ కడియం!"

నాయకుడు తక్కెడ మీంచి ఒక్క గెంతు గెంతాడు. దొంగ వీధి గుమ్మం దాటలేదు. వాడి మొలలో రాజముద్ర బిళ్ల దొరికింది. వాడి ఇంట్లో మిగతా నగలు దొరికాయి.

సాయంత్రం సభలో మళ్లీ గొడవ మొదలైంది.

"పట్టింది నేను ప్రభూ!"

"గుర్తించింది నేను ప్రభూ!"

రాజు తిప్పయ్య వైపు తిరిగాడు. "ఎవరికివ్వాలోయ్ ఈ ఘనత?"

"దొంగనే అడగండి ప్రభూ. ఎవరి వల్ల చిక్కాడో వాడికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?"

దొంగ ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఉసూరుమన్నాడు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! రెండేళ్లుగా వీళ్లిద్దరి మధ్యా పోట్లాటలే తప్ప మాటల్లేవు. నా బతుకు మూడు పువ్వులూ ఆరు కాయలూ. ఇవాళ మొట్టమొదటిసారి మాట్లాడుకున్నారు. ఆ ఒక్క మాటతోనే దొరికిపోయాను!"

సభ గొల్లుమంది. కొత్వాలు మీసం కింద నవ్వు దాచుకోబోయి, శెట్టిని చూసి బయటపడిపోయాడు. శెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇకనుంచి రోజూ మాట్లాడుకోండి. ఇది నా ఆజ్ఞ! పోయిన నగల గుర్తులు చావడి నుంచి అంగళ్లకు వెళ్లాలి, అమ్మడానికి వచ్చినవాడి ఆనవాలు అంగళ్ల నుంచి చావడికి రావాలి. కబురు చెప్పినవాణ్ణి బంధిస్తే ఊరుకోను" అన్నాడు రాజు.

సిద్ధమ్మ కడియాలు తొడుక్కుని, గాట్లను వేలితో తడిమి చూసుకుంది. విజయమల్లుడు మెడలోని ముత్యాలహారం తీసి, నవ్వుతూ తిప్పయ్య మెడలో వేశాడు.