పీతాంబరానికి వచ్చిన మూడు మార్కులు

అనగా అనగా, మనుషుల బడులకంటే ముందే పిట్టలకు బడులుండే కాలంలో, వాగుమీదికి వంగిన ఒక ఈతచెట్టు మీద గిజిగాళ్ల బడి ఉండేదట. గూడల్లడమే అక్కడి చదువు. గురువు తృణాచార్యులు శిష్యుల గూళ్లు పట్టుకుని వేలాడి, ఊగి, గుంజి పరీక్ష పెట్టేవారు. అల్లిక ఎక్కడ వదులైతే అక్కడ ఒక ఎండుపోచ ముడివేసేవారు. పోచకొక మార్కు పోయినట్టే.

ఆ ఏడు పీతాంబరం అనే పడుచు గిజిగాడికి పదికి మూడే వచ్చాయి. పక్క మట్ట మీది ఓబులేశుకు తొమ్మిది!

"మొదటి వాన పడ్డనాడు మళ్లీ పరీక్ష. అప్పుడూ అయిదు దాటనివాడికి ఈ చెట్టుమీద చోటు లేదు. వానాకాలమంతా ముళ్లపొదలో తడవాల్సిందే," అన్నారు గురువుగారు.

పీతాంబరం హడలిపోయాడు. ముళ్లపొదలో పాములుంటాయి మరి! భయపడ్డవాడు గడ్డి తెచ్చుకుని బుద్ధిగా అల్లుకోవాలా, వద్దా? అబ్బే! వాడికి అనుమానం పట్టుకుంది. "నాకు మూడేమిటి, వాడికి తొమ్మిదేమిటి? ఇందులో ఏదో మతలబుంది," అనుకున్నాడు.

ముందు గురువుగారి మీద పడింది వాడి కన్ను. ఓబులేశు ఆయనకు పురుగులు తెచ్చి మేపుతున్నాడేమోనని ఆకుల చాటున నక్కి మూడు రోజులు చూశాడు. ఆచార్యులవారు తన పురుగు తానే ఏరుకు తిన్నారు. పైగా, "ఒరే ఓబులేశూ, వాకిలి వంకరగా ఉందిరా, కళ్లెక్కడ పెట్టావు?" అని చీవాట్లు కూడా పెట్టారు.

"అయితే కిటుకు గడ్డిలో ఉంది," అనుకుని ఓబులేశు వెనకాలే ఎగిరాడు. ఓబులేశు వాలింది ఏ ఇంద్రలోకపు తోటలోనో కాదు, అందరూ వాలే రెల్లుదుబ్బు మీదే.

పోనీ అప్పుడైనా నమ్మాడా? లేదు! "ఎవరో దొంగచాటుగా అల్లిపెడుతున్నారు. ఇవాళ పట్టేస్తా!" అని, అందరూ కునుకు తీసే మిట్టమధ్యాహ్నం మట్టల సందున దాక్కున్నాడు.

ఓబులేశు ఒక్కడే వచ్చాడు. ముచ్చటగా అల్లిన గూటిని కాళ్లతో పట్టి ఊపాడు. ఒక్క పోగు జారింది. అంతే, సగం గూడు విప్పేసి, ఎండలో రొప్పుతూ మళ్లీ మొదలుపెట్టాడు.

పీతాంబరం ఉండబట్టలేక బయటికొచ్చాడు. "బాగున్న గూడు విప్పుతావేం? నీకేమైనా పిచ్చా?"

"గురువుగారి పోచ ఇక్కడే పడింది కదా! ఇది నాలుగోసారి విప్పడం. అవునూ, నీ గూట్లో పోచలెక్కడ పడ్డాయి?"

పీతాంబరం ఇన్నాళ్లూ ఊరందరి గుట్టూ వెతికాడు గానీ, సొంత గూటివంక కన్నెత్తి చూడలేదు! సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆ సాయంత్రమే వెళ్లి లెక్కపెట్టాడు. ఏడు పోచలు. అందులో నాలుగు వాకిలి దగ్గరే. విప్పాడు, అల్లాడు, ఊపాడు. ఊడింది. మళ్లీ విప్పాడు. ముక్కు నొప్పెట్టింది, ఏడుపొచ్చింది, అయినా మానలేదు.

మొదటి వాన రానే వచ్చింది. తృణాచార్యులు పీతాంబరం గూడు పట్టుకుని ఊగారు, గుంజారు. "ఏడు! ఇక ఈ మట్ట నీదేరా," అన్నారు.

పక్కనున్న గిజిగాడొకడు చెవి దగ్గర చేరి, "మొన్న మూడు, ఇవాళ ఏడా? నిజం చెప్పు, గురువుగారికి ఏం పెట్టావు?" అని గుసగుసలాడాడు.

"రేపు నీ గూటికొస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం," అని పీతాంబరం నవ్వి లోపలికి దూరాడు. బయట వాన దంచికొట్టింది. వాడి ఒంటిమీద ఒక్క చుక్క పడలేదు.

మార్కులు తగ్గినప్పుడు ఎదుటివాడి గుట్టు వెతికితే రోజులే పోతాయి. తన తప్పు వెతికి దిద్దుకున్నవాడికే చదువు వస్తుంది.